టవరు ఉంది, బొమ్మే ఆగుతోంది

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల. ఫోనులో వీడియో మధ్యలో ఆగిపోతోంది, చక్రం తిరుగుతోంది, సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి, మరి ఎందుకని? అందులోనూ ఒక ఫోను నుంచి ఇంకో ఫోనుకు నేరుగా బొమ్మ పంపుకునే రకం, అదే పీర్ టు పీర్ అంటున్నారే, దాని మీదే అయిదు వచ్చాయి. అవన్నీ ఒకచోట పెట్టేశాను. వాట్సాప్ బ్యాకప్ పోయిందన్నవాళ్ళూ, మెమరీ నిండిపోయిందన్నవాళ్ళూ వచ్చే సంచిక దాకా కాస్త ఓపిక పట్టండి.

ప్రశ్న: మేం నలుగురం ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుగా ఒక యాప్ చేశామండి. గ్రౌండులో ఒక ఫోను క్రికెట్ మ్యాచ్ తీస్తుంది. దాని నుంచి రెండు ఫోన్లు అందుకుంటాయి, ఆ రెండూ తలా రెండింటికి ఇస్తాయి, అలా మొత్తం 12 ఫోన్లు. సర్వరు ఖర్చు లేదు. ల్యాబులో వైఫై మీద అద్దంలా ఆడింది. గ్రౌండుకు వెళ్ళి మొబైల్ డేటా మీద పెడితే అర నిమిషం ఆడి ఆగుతోంది. వీడియో 1 ఎంబీపీఎస్సే (సెకనుకు పది లక్షల బిట్లు). వైవా (నోటి పరీక్ష) దగ్గర పడింది, టెన్షన్‌గా ఉంది. తప్పు కోడ్‌లో ఉందా, నెట్‌వర్క్‌లో ఉందా?
ఇంజనీరింగ్ విద్యార్థి, భీమవరం

జవాబు: తమ్ముడూ, మీ ఇంట్లో ఎవరికైనా శివారు పొలం ఉంటే ఈ సంగతి నేను చెప్పక్కర్లేదు. దాళ్వాలో పై చేను ఆయన బోదెకు అడ్డం కట్టి నీళ్ళు తన చేలోకి తిప్పుకున్నాడనుకో, కిందున్న పది చేలకీ చుక్క రాదు. వాళ్ళ తప్పేమీ లేదు, కాలవలో నీళ్ళూ ఉన్నాయి. మీరు కట్టింది సరిగ్గా అలాంటి బోదే, కొమ్మలుగా చీలుతుంది కాబట్టి పుస్తకాల్లో దీన్ని చెట్టు అంటారు. మొదటి ఫోను నుంచి రెండు, వాటి నుంచి నాలుగు, వాటి నుంచి అయిదు. రెండో వరసలో ఒక ఫోను పోయిందంటే దాని కిందున్న నాలుగైదు ఫోన్లూ ఒక్కసారే ఎండిపోతాయి.

ఫోను ఎందుకు పోతుంది అంటావా? ల్యాబులో బల్లమీద పన్నెండు ఫోన్లూ స్క్రీన్లు వెలిగించి వరసగా పెట్టుకుని ఉంటారు మీరు, అవునా? గ్రౌండులో అలా ఎవడూ ఉండడు. ఒకడికి ఇంటి నుంచి ఫోనొస్తుంది. ఇంకొకడు స్క్రీన్ ఆపి జేబులో వేసుకుంటాడు. మరొకడి ఛార్జింగ్ 15 శాతానికి పడి బ్యాటరీ సేవర్ ఎక్కుతుంది. 2015లో వచ్చిన ఆండ్రాయిడ్ 6 నుంచి డోజ్ అని ఒకటుంది, స్క్రీన్ ఆగి కాసేపు కదలకుండా ఉన్న ఫోనులో వెనకాల నడుస్తున్న యాప్‌ల నెట్‌వర్క్‌ని అది కట్టేస్తుంది. ఫోను దాని బ్యాటరీ అది కాపాడుకుంది, మీ చెట్టులో మాత్రం ఒక కొమ్మ విరిగింది. ముందు చేయాల్సిన చిన్న పని ఇదే: యాప్‌ని ఫోర్‌గ్రౌండ్ సర్వీస్‌గా, అంటే స్క్రీన్ ఆగినా ఫోను అంత తేలిగ్గా ఆపని రకంగా నడపండి, నోటిఫికేషన్ పైన కనబడుతూ ఉండాలి. నాకు తెలిసి మీ బొమ్మ ఆగిపోవడాల్లో కొన్ని దీనితోనే పోతాయి.

కొన్నే. అసలు సమస్య వేరే ఉంది, అది మీ గైడు కూడా అడగవచ్చు కాబట్టి జాగ్రత్తగా చదువు. ఫోను నుంచి ఫోనుకు నేరుగా వెళ్తోంది అనుకుంటున్నారు గాని, మొబైల్ డేటా మీద నేరుగా వెళ్ళేది ఏదీ లేదు. నీ పక్కనే కూర్చున్న స్నేహితుడికి పంపినా అది టవరుకు ఎక్కి, కంపెనీ నెట్‌వర్క్ లోపలికి పోయి, మళ్ళీ అదే టవరు మీంచి దిగుతుంది. లెక్క కట్టుకో. సర్వరు పెట్టుకుని ఉంటే టవరు మీద పైకి 1 ఎంబీపీఎస్, కిందికి 11. మీ పద్ధతిలో 11 ఫోన్లకు ఎవరో ఒకరు అప్‌లోడ్ చేయాలి కాబట్టి పైకి కూడా 11. ఒకే గ్రౌండు, ఒకే టవరు. పైగా పైకి వెళ్ళే దారి ఎప్పుడూ ఇరుకే, ఎందుకంటే టవరు పదుల వాట్లతో అరుస్తుంది, ఫోను గట్టిగా అరిచినా 0.2 వాట్. అంటే సర్వరు ఖర్చు మిగిల్చాం అనుకుని ఆ బరువంతా తెచ్చి టవరు నెత్తిన, అదీ బలహీనంగా ఉన్న వైపున పెట్టారు. ల్యాబు వైఫైలో కూడా ప్రతి ముక్కా రెండుసార్లు గాలిలోకి వెళ్తుంది గాని అక్కడ జాగా ఎక్కువ, పంచుకునేవాళ్ళు తక్కువ, దూరం పది అడుగులు.

ఇంకో చిక్కు చిరునామాలది. మీ ఫోనుకు బయటికి కనబడే సొంత ఐపీ, అంటే ఇంటర్నెట్ చిరునామా, ఉండకపోవచ్చు. సెట్టింగ్స్‌లో చూడు, 100.64 నుంచి 100.127 లోపు అంకెలతో మొదలైతే అది కంపెనీవాళ్ళు వేలమందికి కలిపి ఇచ్చిన కేరాఫ్ చిరునామా కింద లెక్క, 2012లో ఆ వరసని ఇందుకోసమే పక్కన పెట్టారు. కేరాఫ్ ఉన్న ఇద్దరు ఒకరి తలుపు ఒకరు నేరుగా తట్టలేరు. బయట ఒక స్టన్ సర్వరుని అడిగి 'నేను బయటికి ఎలా కనబడుతున్నాను' అని తెలుసుకుని ఇద్దరూ ఒకేసారి తట్టుకోవాలి, అది కుదరకపోతే టర్న్ అనే రిలే, అంటే మధ్యలో ఉండి అందించే సర్వరు, మీంచి పోవాలి. మీ యాప్ వెబ్ఆర్‌టీసీ (ఇద్దరి మధ్య వీడియో నడిపే రెడీమేడ్ పద్ధతి) మీద కట్టి ఉంటే ఈ పని అదే చేస్తుంది, మీకు చెప్పకుండానే రిలే మీదికి పోతుంది కూడా. యాప్ రాసుకునే చిట్టా, అదే లాగ్, తీసి చూడండి. సగం ఫోన్లు రిలే మీద ఉంటే 'సర్వరు ఖర్చు లేదు' అన్న మాట వైవాలో అనకండి. ఐపీవీ6 అనే కొత్త తరం చిరునామాల మీద ఉన్న ఫోన్ల మధ్య ఈ పాట్లు తక్కువ, ముందు అది ప్రయత్నించండి.

సరే, ఎలా కట్టాలి? చెట్టు వదిలేయండి. చైనాలో 2004లో కూల్‌స్ట్రీమింగ్ అని ఒకటి వచ్చింది, లైవ్ వీడియోని వేలమందికి పీర్ టు పీర్‌లో చూపించి అప్పట్లో బాగా పేరు తెచ్చుకుంది. దాంట్లో ఎవరూ ఎవరికీ తండ్రి కాదు. వీడియోని ఒక్కో సెకను ముక్కలుగా కోస్తారు. ప్రతివాడూ 120 ముక్కల కిటికీ ఒకటి పెట్టుకుని 'నా దగ్గర ఫలానా ముక్కలు ఉన్నాయి' అని 120 బిట్ల చీటీ ఒకటి తన పొత్తుదారులకు ఇస్తూ ఉంటాడు. నీకు 57వ ముక్క కావాలంటే చీటీలు చూసి ఉన్నవాడిని అడుగుతావు. వాడు పోయాడా, ఇంకొకడిని అడుగుతావు. నలుగురు పొత్తుదారులు ఉంటే ఒకడు పోయినా మూడు దారులు మిగులుతాయి, ఆ ఖాళీలో ఇంకొకడిని వెతుక్కోవచ్చు. మీ పన్నెండు ఫోన్లకి ఇది చాలు. చెట్టే కావాలని మీ గైడు పట్టుబడితే 2003 నాటి స్ప్లిట్‌స్ట్రీమ్ చదవండి. వీడియోని చారలుగా చీల్చి ఒక్కో చారకు ఒక్కో చెట్టు కడతారు, ఒక చెట్టులో కొమ్మగా ఉన్నవాడు మిగతా చెట్లలో ఆకుగానే ఉంటాడు, కాబట్టి ఒకడు పోతే వాడి కిందున్నవాళ్ళకి ఒక చార పోతుంది గాని ఎవరికీ మొత్తం పోదు.

పొత్తుదారుల్ని ఎంచుకునేటప్పుడు వేగం ఒక్కటే చూడకండి. ఎంతసేపటి నుంచి ఉన్నాడో చూడండి. ఇలాంటి నెట్‌వర్క్‌ల మీద ఏళ్ళ తరబడి చూసినవాళ్ళు చెప్పేది ఒకటుంది: ఇప్పటికే ఎక్కువసేపు ఉన్నవాడు ఇంకా ఉండే అవకాశం ఎక్కువ, ఇప్పుడే వచ్చినవాడు ఇప్పుడే పోతాడు. దానికి ఛార్జరు పెట్టి ఉందా, బ్యాటరీ ఎంత ఉంది అన్నవి కలపండి. పవర్ బ్యాంకు పెట్టుకుని గట్టు మీద కూర్చున్నవాడి ఫోను మీకు బంగారం, వాడిని తీసే ఫోనుకు దగ్గరగా కట్టండి.

ముక్కలు ఏ వరసలో అడుగుతున్నారు? ఉత్తరంలో రాయలేదు. చాలామంది పిల్లలు బిట్‌టొరెంట్ చూసి 'అరుదైనది ముందు', అంటే తక్కువమంది దగ్గరున్న ముక్క ముందు అడగడం, పెట్టేస్తారు. బ్రామ్ కోహెన్ 2001లో దాన్ని ఫైళ్ళ కోసం కట్టాడు, ఫైలుకి ఏ ముక్క ముందొచ్చినా ఒకటే. వీడియోకి అలా కాదు, 57వ ముక్క ఆడాల్సిన క్షణానికి రాకపోతే తర్వాత వచ్చినా పారేయడానికే. అలాగని అందరూ వరసగా అడిగితే అందరి దగ్గరా అవే ముక్కలు ఉంటాయి, ఒకరికొకరు ఇచ్చుకోవడానికి ఏమీ ఉండదు. కాబట్టి రెండూ కలపాలి. ఇంకో అయిదారు సెకన్లలో ఆడబోయేవి వరసగా, ఎవరి దగ్గరుంటే వాళ్ళ దగ్గర, గబగబా. ఆ తర్వాతవి అరుదైనవి ముందు. ఆ గీత ఎక్కడ గీయాలి అన్నదే మీ ప్రాజెక్టులో అసలు ప్రయోగం, రెండు సెకన్ల దగ్గర, అయిదు దగ్గర, పది దగ్గర పెట్టి చూసి గ్రాఫు గీయండి. బఫర్, అంటే ఆడకముందే నింపుకునే నిల్వ, పెంచితే ఆగడం తగ్గుతుంది, ఆలస్యం పెరుగుతుంది. పదిహేను సెకన్ల బఫరు పెట్టారనుకో, గ్రౌండులో సిక్స్ కొట్టిన కేకలు వినబడి ఆగిపోయాక మీ ఫోనులో బౌలరు పరుగు మొదలెడతాడు. పక్క ఊళ్ళో చూసేవాడికి పర్లేదు, గట్టు మీద ఉన్నవాడికి నవ్వులాట.

ఇక క్వాలిటీ. ఇక్కడ నా అభిప్రాయం మొండిగానే చెబుతాను: బొమ్మ మసకైతే జనం ఊరుకుంటారు, ఆగితే తిడతారు, మాట తెగితే కట్టేసి పోతారు. అందుకని ఏది వదిలేయాలో ముందే రాసి పెట్టుకోవాలి. ముందు బొమ్మ సైజు తగ్గించు, తర్వాత ఫ్రేములు తగ్గించు, మాట మాత్రం చివరిదాకా వదలకు. ఓపస్ అనే ధ్వని కుదింపు పద్ధతిలో మాట 24 కేబీపీఎస్‌లో (సెకనుకు 24 వేల బిట్లు) శుభ్రంగా వినబడుతుంది, 1 ఎంబీపీఎస్ ముందు అది లెక్కలోది కాదు, దాన్ని విడిగా రెండు దారుల్లో పంపినా నష్టం లేదు. పుస్తకాల్లో దీనికి పొరల వీడియో చెబుతారు, అడుగు పొర ఒకటి, పైన మెరుగు పొరలు, 2007లో హెచ్.264 అనే వీడియో కుదింపు ప్రమాణానికి ఎస్‌వీసీ అని చేర్చారు. ఆలోచన చాలా అందమైంది, పీర్ టు పీర్‌కి సరిగ్గా సరిపోతుంది కూడా, గాని మామూలు ఫోన్లలో పెద్దగా నిలదొక్కుకోలేదు. మీరు 200, 500, 1000 కేబీపీఎస్‌లలో మూడు రకాలు తీసి, రెండేసి సెకన్ల ముక్కలు కోసి, ప్రతి ముక్కా పూర్తి ఫ్రేముతో మొదలయ్యేలా పెడితే చాలు. ఆగబోతుంటే కింది రకానికి దిగు, బఫరు నిండాక నిదానంగా ఎక్కు. దిగేటప్పుడు వెంటనే దిగాలి, ఎక్కేటప్పుడు తొందరపడకూడదు, లేకపోతే బొమ్మ ప్రతి పది సెకన్లకీ మసకగా స్పష్టంగా మారుతూ చూసేవాడికి తలనొప్పి తెస్తుంది.

ప్యాకెట్లు పోతున్నాయంటే పదింటికి రెండు అదనం చేర్చి పంపే రీడ్ సాలమన్ లాంటిది వాడొచ్చు, పన్నెండులో ఏ పది చేరినా మొత్తం తిరిగొస్తుంది. ఖర్చు 20 శాతం. కానీ మొబైల్‌లో ప్యాకెట్లు ఒకటీ అరా పోవు, గుంపుగా పోతాయి, అందుకని వాటిని కలగలిపి వరస మార్చి పంపాలి. ఇంతకన్నా లోతుకి ఇక్కడ వెళ్ళను. చివరగా, వైవాలో బొమ్మ ఎంత బాగుందో చూపించే అంకెలతో సరిపెట్టకండి. మొదలవడానికి ఎంతసేపు, ఎన్నిసార్లు ఆగింది, ఆగినప్పుడు ఎంతసేపు, సగటు బిట్ రేటు, క్వాలిటీ ఎన్నిసార్లు మారింది. ఈ అయిదూ, రెండో వరస ఫోను ఒకటి కావాలని ఆపేసినప్పుడు, పాత చెట్టుతోనూ కొత్త పొత్తుదారుల వలతోనూ పక్కపక్కన పెట్టి చూపించండి. మొబైల్ డేటాతో ఒకసారి, గ్రౌండులో ఒక రూటరు పెట్టి దాని వైఫైతో ఒకసారి కూడా చేయండి, టవరు సంగతి ఎవరూ అడగకముందే మీరే చెప్పినట్టవుతుంది.

ప్రశ్న: ఆయ్, మాది ఆకివీడు దగ్గర అండి. ఆరు ఎకరాల రొయ్యల చెరువు. కాపలా షెడ్డు మీద సిమ్ వేసే కెమెరా పెట్టించాను. షాపాయన పీటూపీ (పీర్ టు పీర్) కెమెరా, క్యూఆర్ కొట్టుకుంటే ఎక్కడినుంచైనా నేరుగా వస్తుంది అన్నాడు. పగలు బాగానే వస్తోందండి. రాత్రి తొమ్మిది పది దాటాక ఏరేటర్లు (చెరువు నీళ్ళలో గాలి కలిపేవి) తిరుగుతున్నాయో లేదో చూద్దామంటే బొమ్మ కదలదు. విచిత్రం ఏంటంటే పన్నెండు దాటాక దానంతటదే బాగైపోతుంది. మా తమ్ముడూ, హైదరాబాదులో మా అబ్బాయీ కూడా చూస్తుంటారు. కెమెరా మార్చమంటారా?
ఆక్వా రైతు

జవాబు: మార్చకండి. మీ రోగం పేరు మీరే రాసేశారు, 'పన్నెండు దాటాక'. సిమ్‌లో రోజువారీ డేటా అయిపోతోందండి, అంతే. అయిపోయాక చాలా ప్యాకుల్లో స్పీడు 64 కేబీపీఎస్‌కి పడేస్తారు, దాంట్లో వీడియో కదలదు, అర్ధరాత్రి కొత్త రోజు లెక్క మొదలై మళ్ళీ ప్రాణం వస్తుంది.

ఎలా అయిపోతోందో చూడండి. కెమెరా హెచ్‌డీలో ఉంటే దాదాపు 2 ఎంబీపీఎస్ వాడుతుంది, గంటకు 900 ఎంబీ. మీది రోజుకు 2 జీబీ ప్యాకు అయితే రెండు గంటల చిల్లరలో ఖాళీ. ఇప్పుడు పీటూపీ కిటుకు వినండి. షాపాయన చెప్పింది అబద్ధం కాదు, కెమెరా ముందు ఆ కంపెనీ సర్వరుకు 'నేను ఇక్కడున్నాను' అని చెప్పి పెట్టుకుంటుంది, మీరు యాప్ తెరవగానే ఆ సర్వరు మీ ఇద్దరికీ పరిచయం చేసి తప్పుకుంటుంది, ఆ తర్వాత బొమ్మ కెమెరా నుంచి మీ ఫోనుకే వస్తుంది. కానీ చూసేవాళ్ళు ముగ్గురైతే కెమెరా ముగ్గురికీ విడివిడిగా పంపాలి. మీరూ తమ్ముడూ అబ్బాయీ ఒకేసారి తెరిచారంటే గంటకు 2.7 జీబీ. అప్‌లోడ్ అయినా డేటా కిందే కొట్టేస్తారు. అబ్బాయి అక్కడ యాప్ తెరిచి పెట్టి భోజనానికి వెళ్ళాడేమో కనుక్కోండి, మీ రాత్రి డేటా అక్కడ పగలే ఖర్చయిపోతోంది.

యాప్‌లో హెచ్‌డీ, ఎస్‌డీ అనో, మెయిన్ స్ట్రీమ్, సబ్ స్ట్రీమ్ అనో ఉంటుంది. సబ్ స్ట్రీమ్ పెట్టండి. 640 వెడల్పు బొమ్మ, సెకనుకు 10 ఫ్రేములు, 256 కేబీపీఎస్. ఏరేటరు రెక్కలు నీళ్ళు చిమ్ముతున్నాయో లేదో తెలియడానికి అది చాలండి, రొయ్య మీసాలు లెక్కపెట్టక్కర్లేదు. అప్పుడు గంటకు 115 ఎంబీ చిల్లర. రికార్డింగు క్లౌడులోకి కాకుండా కెమెరాలోని మెమరీ కార్డులోకి మార్చండి, అదే మీ డేటాని నిశ్శబ్దంగా తాగుతున్న రెండో దొంగ కావచ్చు. షాపులో పెట్టి ఇచ్చిన పాస్‌వర్డు ఇప్పటికీ అదే ఉంటే ఇవాళే మార్చండి, క్యూఆర్ స్టిక్కరు కెమెరా మీదే ఉంటుంది కదా, ఎవడైనా కొట్టుకోవచ్చు.

ఇంకోమాట, మీరు అడగనిది. తెల్లవారుజామున చెరువులో ఆక్సిజన్ పడిపోయే వేళకు మీరు నిద్రలో ఉంటారు, బొమ్మ ఎంత బాగున్నా చూసేవాడు లేడు. కరెంటు పోయినా మోటారు ఆగినా ఫోను మోగే మొబైల్ స్టార్టర్లు మోటార్ల షాపుల్లో దొరుకుతాయి. అది ఫోన్ కాలే, వీడియో కాదు, కాబట్టి డేటా అయిపోయినా మోగుతుంది. కెమెరా దానికి తోడుగా పెట్టుకోండి గాని దాని బదులు కాదు.

ప్రశ్న: కనుమ నాడు జగ్గన్నతోట తీర్థంలో ప్రభలు చూపిద్దామని మస్కట్‌లో ఉన్న మా అమ్మాయికి వీడియో కాల్ చేస్తే ఒక్క నిమిషం కూడా సాగలేదు. అంతమంది దగ్గర ఫోన్లున్నాయి కదా, సిగ్నల్ లేకపోతే ఒక ఫోను నుంచి పక్క ఫోనుకు, దాన్నుంచి ఆ పక్క ఫోనుకు బొమ్మ అందించుకుంటూ ఊరి బయటికి చేర్చలేవా?
విశ్రాంత ఉపాధ్యాయిని, అంబాజీపేట మండలం

జవాబు: చేర్చగలవు టీచరుగారూ, మీరు చెప్పిన పద్ధతి మీద పాతికేళ్ళుగా పరిశోధనలు జరుగుతూనే ఉన్నాయి. ఇటుకలు అందించుకున్నట్టు అన్నమాట. కాని ఇటుకల వరసలో ప్రతి మనిషికీ రెండు చేతులుంటాయి. ఫోనులో వైఫై రేడియో, ఆ పనికి, ఒక్క చెయ్యే. తీసుకునేటప్పుడు ఇవ్వలేదు, ఇచ్చేటప్పుడు తీసుకోలేదు, పైగా ఒకే ఛానల్ మీద పక్కవాడు మాట్లాడుతుంటే తను ఆగాలి. అందుకని రెండు చేతులు మారేసరికి వేగం సగం, మూడు మారేసరికి మూడో వంతు. మధ్యలో మనుషులు. మన ఒంట్లో ఉన్నది ఎక్కువ నీళ్ళే, వైఫై తరంగాలు నీళ్ళున్న ఒళ్ళు దాటి పోవాలంటే నీరసించిపోతాయి. అందించే ఫోన్లవాళ్ళు నిలబడి ఉంటారా అంటే అదీ లేదు, ప్రభ కదిలితే జనమంతా దాని వెంట కదులుతారు.

పోయిన కనుమకి నేనూ వెళ్ళాను. గంగలకుర్రు ప్రభ కౌశిక కాలవ నీళ్ళలోకి దిగే చోట గట్టు మీద నిలబడి మా బావగారికి వీడియో కాల్ చేశాను. దిగేదాకా బాగానే ఉంది. మోసేవాళ్ళు నడుముల్లోతు నీళ్ళలోకి దిగి ప్రభ ఒక పక్కకి ఒరిగి, జనం ఒక్కసారిగా అరిచారు చూడండి, సరిగ్గా అక్కడ ఆగింది. సిగ్నల్ గీతలు నాలుగూ ఉన్నాయి. అవతల మా బావగారికి పది నిమిషాలపాటు ఒరిగిన ప్రభ, ఒక కుర్రాడి తెరిచిన నోరు అలాగే కనబడ్డాయట. ఏమైందో తర్వాత ఆలోచిస్తే తెలిసింది. గీతలు టవరు ఎంత గట్టిగా వినబడుతోందో చెబుతాయి గాని దాని దగ్గర ఖాళీ ఉందో లేదో చెప్పవు. ఆ క్షణంలోనే గట్టు మీదున్న ప్రతివాడూ వీడియో మొదలెట్టాడు, అందరూ ఒకేసారి పైకి పంపడమే. రెండోది, బొమ్మే బరువెక్కింది. వీడియో కుదించేటప్పుడు పాత ఫ్రేముకూ కొత్త ఫ్రేముకూ తేడా ఎంతుందో అంతే పంపుతారు. రంగురంగుల ప్రభ, ఎగసే నీళ్ళు, ఊగే జనం, పైగా నా చెయ్యి వణుకు, ఒక్క చుక్క కూడా పాత ఫ్రేములో ఉన్నట్టు లేదు. పంపాల్సింది పెరిగింది, దారి ఇరుకైంది.

కాబట్టి వచ్చే కనుమకి ఇలా చేసి చూడండి. ఫోను చేత్తో పట్టుకోకుండా కొబ్బరిచెట్టుకో గోడకో ఆనించండి, కదలిక సగం తగ్గుతుంది. వీడియో కాల్‌లో డేటా తక్కువ వాడే సెట్టింగు ఉంటుంది, అది పెట్టండి. తోట అంచున ఇంటర్నెట్ కేబుల్ ఉన్న ఇల్లు ఏదైనా తెలిసినవాళ్ళది ఉంటే వాళ్ళ అరుగు మీంచి వైఫైతో పంపండి, చేతులు మారేది ఒక్కసారే, టవరు జోలికే పోనక్కర్లేదు. ఇవేవీ కుదరకపోతే లైవ్ మానేసి 30 సెకన్ల ముక్కలుగా తీసి పంపేయండి. ఖాళీ దొరికినప్పుడల్లా ఒక్కోటి ఎక్కుతుంది, అమ్మాయికి అరగంట ఆలస్యంగానైనా తెగకుండా చేరుతుంది. నేను ఈసారి అదే చేయబోతున్నాను.

ప్రశ్న: రోజూ సఖినేటిపల్లి నుంచి నరసాపురం పంటు పడవ మీద వెళ్తాను. గట్టు మీద బాగా వచ్చే వీడియో సరిగ్గా నది మధ్యలో ఆగుతుంది. నీళ్ళ వల్లా?
చిరుద్యోగి

జవాబు: నీళ్ళు కొంత, టవర్లు ఎక్కువ. గోదావరి మధ్యలోకి వచ్చేసరికి ఇటు గట్టు టవరూ అటు గట్టు టవరూ దాదాపు సమానంగా వినబడతాయి, నీటి మీద తగిలి వచ్చే తరంగాలు కలిసి ఒకసారి ఇది ఎక్కువ, ఒకసారి అది ఎక్కువ అవుతుంటాయి. ఫోను దీన్నుంచి దానికీ దాన్నుంచి దీనికీ గెంతుతుంది. ఇంజనీర్లు దీన్ని పింగ్‌పాంగ్ అనే అంటారు. కొత్త టవరు కాస్త కాదు, బాగా ఎక్కువగా, అదీ కొంతసేపు నిలకడగా వినబడితేనే మారాలి అని వాళ్ళు ఒక షరతు పెడతారు, ఆ షరతు రోడ్ల మీద పోయేవాళ్ళకు సరిపోయేలా ఉంటే పంటు మీద మనకి సరిపోదు. ప్రతి గెంతుకీ ఒక క్షణం ఖాళీ వస్తుంది. ముందే నింపుకున్న వీడియోకి అది తెలియదు, లైవుకీ వీడియో కాల్‌కీ తెలుస్తుంది. పీర్ టు పీర్ అయితే ఇంకా కష్టం, గెంతులో ఫోను ఐపీ మారిందంటే అవతలి ఫోనుకు మీరు కొత్త మనిషే, మళ్ళీ పరిచయాలు మొదలు. 2021లో ప్రమాణంగా వచ్చిన, డేటా పంపే క్విక్ (QUIC) పద్ధతిలో ఐపీ బదులు ఒక గుర్తు సంఖ్యతో కనెక్షన్‌ని పట్టుకుంటారు, అది వాడే యాప్‌లు ఇలాంటి చోట తేరుకుంటాయి. మీ పని మాత్రం తేలిక: రేవు దగ్గర పంటు కోసం నిలబడ్డప్పుడే సీరియల్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి.

ప్రశ్న: ఫ్రెండు ఒక యాప్ పంపాడు, మ్యాచ్‌లు ఫ్రీగా వస్తాయి. నేను గంట చూస్తే డేటా రెండు గంటలంత అయిపోతోంది, ఫోను కాలిపోతోంది. యాప్‌లో వైరస్సా?
డిగ్రీ విద్యార్థి, రాజోలు

జవాబు: వైరస్ కూడా ఉండొచ్చు, ప్లే స్టోరులో లేని యాప్‌కి నేను పూచీ పడను. కాని నువ్వు చెప్పిన లక్షణాలకి ముందు అనుమానించాల్సింది పీర్ టు పీర్‌నే. నువ్వు చూస్తున్న ముక్కల్నే నీకు తెలియకుండా నీ ఫోను ఇంకొకరికి అప్‌లోడ్ చేస్తూ ఉంటుంది. రేడియో ఆగకుండా పంపుతుంటే బ్యాటరీ దిగుతుంది, ఫోను వేడెక్కుతుంది. స్పాటిఫై లాంటి పెద్ద సంస్థ కూడా కంప్యూటర్లలో ఏళ్ళపాటు పీర్ టు పీర్ వాడింది గాని ఫోన్లలో మాత్రం పెట్టలేదు, 2014లో కంప్యూటర్లలోనూ తీసేసింది. ఇంట్లో అపరిమిత కేబుల్ ఉన్నవాడికి అప్‌లోడ్ బాధ తెలియదు, రోజుకు ఇన్ని జీబీ అని కొనుక్కునే మనకి తెలుస్తుంది. ఇంకొకటి, హక్కులు లేని మ్యాచ్‌ని చూడడం ఒక సంగతి, దాన్ని నీ నంబరు మీంచి పదిమందికి పంచడం ఇంకో సంగతి, ఇక్కడ రెండోది కూడా నువ్వే చేస్తున్నావు. సెట్టింగ్స్‌లో డేటా వాడకం తెరిచి, ఆ యాప్ పేరు మీద నొక్కి, మొత్తం వాడినది ఎంతో, వెనకాల వాడినది ఎంతో చూడు. చూసి తీసెయ్యి, మీ ఫ్రెండుకి కూడా చెప్పు.